మర్జీ, మజ్‌బూరీ

నేను బూసాన్‌లో నాలుగు నెలలు చదువుకుని వచ్చానని తెలిసిన వాళ్లెవరూ ఇంతవరకు "ఏం చదివావు?" అని అడగలేదు. పక్కింటి ఖాలా, వీధి చివర అత్తర్లు అమ్మే భాయ్, డిగ్రీలో మాకు తెలుగు చెప్పిన మేడమ్, అందరి సవాల్ ఒకటే: "అక్కడ ఏం తిన్నావు?" మొదట్లో విసుగొచ్చేది. ఇప్పుడు రావట్లేదు. ఆ నాలుగు నెలల నా కహానీ అంతా నిజంగానే తిండి చుట్టూ తిరిగింది. అందుకే తీరిగ్గా కూర్చుని జవాబు రాస్తున్నాను.

మాది పెనుకొండ. బాబయ్య దర్గా ఊరు. ఊరి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలైంది. అప్పటి నుంచి హైవే పక్క హోటళ్ల బోర్డుల మీద తెలుగుతో పాటు కొరియా అక్షరాలు కూడా కనబడసాగాయి. గుండ్రాలు, గీతలు, డబ్బాల్లా ఉండే ఆ హంగుల్ రాతలో మూలాక్షరాలు 24 మాత్రమే. మన గుణింతాలు నేర్చినవాళ్లకు అదో లెక్క కాదు. ఒక ఎండాకాలం సెలవుల్లో ఫోన్ చూసి నేర్చేసుకున్నాను. అబ్బా పండ్ల దుకాణంలో కూర్చుని, ఎదురుగా ఉన్న బోర్డులన్నీ బిగ్గరగా చదివేదాన్ని. అర్థం తెలిసేది కాదు. చదవడంలోనే మజా.

ఆ మజాయే నన్ను 2024లో బూసాన్ దాకా తీసుకెళ్లింది. ఎక్స్‌చేంజ్ స్టూడెంట్ అంటే చాలామంది ఏదో పెద్దదనుకుంటారు. ఫీజు మన కాలేజీలో కడతాం, ఒక సెమిస్టర్ అక్కడ క్లాసులు వింటాం, మార్కులు తిరిగి మన కాలేజీకి చేరతాయి. అంతే. హాస్టల్‌కి, తిండికి, విమానానికి మాత్రం మన జేబే దిక్కు. అంటే అబ్బా జేబు.

కొరియాలో రెండు సెమిస్టర్‌ల చదువు మార్చిలో, సెప్టెంబర్‌లో మొదలవుతుంది. నేను ఫిబ్రవరి చివర దిగాను. బూసాన్ సముద్రమూ కొండలూ కలిసిన ఊరు. రెంటి మధ్య జాగా చాలక ఇళ్లు కొండ మీదకి ఎక్కేశాయి. మా యూనివర్సిటీ గుమ్‌జంగ్ కొండ వాలులో ఉండేది. క్లాసుకి వెళ్లడమంటే మా ఊరి కోట గుట్ట ఎక్కినట్టే. పై నుంచి చల్లగాలి, కింద నుంచి ఆయాసం.

అక్కడ మొదటి వారంలోనే ఒక మాట నన్ను తికమక పెట్టింది. హాస్టల్ గేటు దగ్గరి తాత, లైబ్రరీలో పరిచయమైన అమ్మాయి, టీచర్, ఎవరు ఎదురైనా "బాప్ మొగొస్సొయో?" అనేవాళ్లు. బాప్ అంటే అన్నం. "అన్నం తిన్నావా?" అని అర్థం. మా దక్నీలో బాప్ అంటే ఏమిటో మీకు తెలుసు. ఫోన్‌లో అమ్మీకి ఈ సంగతి చెబితే పడీపడీ నవ్వింది. వెనక నుంచి అబ్బా గొంతు వినబడింది: "ఉన్లు సహీ బోలే. బాప్ బోలేతో చావలిచ్ నా." తండ్రంటే బియ్యమే కదా, వాళ్లు సరిగ్గానే అన్నారట.

నిజానికి ఆ ప్రశ్న పలకరింపే. మన ఊళ్లలో "అన్నం తిన్నావా?" అన్నట్టు, మా ఇళ్లలో "ఖానా ఖాయే క్యా?" అన్నట్టు. తిన్నావో లేదో లెక్క అడగడం కాదు, నీ ఫికర్ నాకుందని చెప్పడం. ఇంత మహబ్బత్‌తో అన్నం గురించి అడిగే ఊళ్లో, ఆ అన్నంతో పెట్టేదాంట్లో సగం నేను తిననిది. నా కష్టమంతా అక్కడ మొదలైంది.

బూసాన్ పేరు చెబితే కొరియా వాళ్లకు నోరూరేది ద్వేజి గుక్‌పాప్‌కి. పంది ఎముకలు గంటల తరబడి మరిగించిన తెల్లటి షోర్బాలో మాంసం ముక్కలు, అన్నం వేసి ఇస్తారు. గల్లీకో దుకాణం. ఇక మిగిలింది సముద్రం తిండి. అక్కడా నాకు చిక్కే. మేము హనఫీలం. చేప సరే, రొయ్య మీద ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. పీత, ఆక్టోపస్, స్క్విడ్ మా ఇంట్లో తినరు. నా పక్క గదిలో ఇండోనేషియా ఆపా ఉండేది. ఆమె షాఫయీ. స్క్విడ్ ముక్కలు కరకర నములుతూ "నీ మజ్‌హబ్ బూసాన్‌కి సరిపోదు చెల్లీ" అని ఏడిపించేది.

నన్ను కాపాడింది ఒక చిన్న డబ్బా. కొరియాలో ప్యాకెట్ తిండి వెనక అలర్జీ తెప్పించే పదార్థాల పేర్లు విడిగా వేయాలని కాయిదా ఉంది. గోధుమ, పాలు, గుడ్డు, సోయాలతో పాటు ఆ జాబితాలో పంది, గొడ్డు, కోడి మాంసాలు కూడా ఉంటాయి. "ద్వేజిగోగి" అన్న నాలుగక్షరాలు గుర్తుపడితే చాలు, బిస్కెట్టైనా నూడుల్సైనా నిమిషంలో తేల్చేయొచ్చు. ఎవరో ఒళ్లు దద్దురెక్కేవాళ్ల కోసం పెట్టిన నియమం నా ఈమాన్‌కి అక్కరకొచ్చింది. ట్యూనా పెట్టిన మూడు మూలల కింబాప్, గుడ్లు, అరటిపళ్లు, గదిలో వండుకునే పప్పు... ఇలా రోజులు నడిచాయి.

కడుపు సంగతి అలా తేలింది. మనుషుల సంగతే తేలలేదు. పెట్టేవాళ్లకు ఏమని చెప్పాలి?

మూడో వారంలో కొరియన్ భాష క్లాసులో టీచర్ రెండు చిన్న మాటలు నేర్పింది. క్రియ ముందు "ఆన్" పెడితే చేయను అని. "మోత్" పెడితే చేయలేను అని. "ఆన్ మొగొయో" అంటే తినను. "మోత్" మాత్రం "మొగొయో" పక్కన చేరితే "మోన్" అని వినిపిస్తుంది. "మోన్ మొగొయో" అంటే తినలేను. కారం పడని వాళ్లు, పాలు అరగని వాళ్లు, డాక్టరు వద్దన్నవాళ్లు "మోన్" అంటారు. క్లాసులో ఒక్కొక్కరూ వాక్యం చెప్పాలి. నా వంతు వచ్చేసరికి టీచరే సాయం చేయబోయింది: "నువ్వు పంది మాంసం మోన్ మొగొయో, కదా?"

నేను రెండు క్షణాలు ఆగాను. "తినలేను" అంటే ఎంత సుఖం! ఎదుటివాళ్లు "అయ్‌గో, పాపం" అంటారు. ఇంకేమీ అడగరు. జాలి పడతారు, వదిలేస్తారు. కానీ నన్నెవరు కట్టేశారు? నా నోరు బాగానే ఉంది, కడుపు బాగానే ఉంది. నాకు మజ్‌బూరీ ఏం ఉంది?

ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది మా చాచా. నా ప్రయాణం ఖాయమయ్యాక ఆయన అబ్బాని పక్కకు పిలిచి ఒక సలహా ఇచ్చారు. "ఆడపిల్లను ఒక్కదాన్నే అంత దూరం పంపుతున్నావు. ఎవరైనా అడిగితే కాలేజీ వాళ్లే పంపారు, కాదంటే సర్టిఫికెట్ ఇవ్వమన్నారు, తప్పలేదు అని చెప్పు. ఇజ్జత్ నిలబడుతుంది." చాచా చెడ్డవాడు కాదు. మాకు సాయం చేస్తున్నానే అనుకున్నారు. అబ్బా ఆపిల్ పళ్లు పేరుస్తూ తల ఎత్తకుండానే అన్నారు: "మజ్‌బూరీ కుచ్ నై భాయ్. బచ్చీ కీ మర్జీ. మేరీ భీ మర్జీ." ఆ మాటకి అబ్బా మస్జిద్ దగ్గర, పెళ్లిళ్లలో ఎన్ని మాటలు పడ్డారో నాకు తెలుసు. "తప్పలేదు" అని ఉంటే ఒక్కటీ పడేవారు కాదు.

క్లాసులో నేను "ఆన్ మొగొయో" అన్నాను. టీచర్ చిన్నగా నవ్వి బోర్డు మీద అదే రాసింది. ఉర్దూలో ఆన్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. మనకు తెలుసు కదా, ఆన్ బాన్ షాన్ అంటామే, అదే ఆన్. పరువు.

అయితే మర్జీకి ఒక ఖర్చుంది. అది నాకు ఎంటీలో తెలిసింది. సెమిస్టర్ మొదట్లో డిపార్ట్‌మెంట్ పిల్లలందరూ ఒక రాత్రి ఊరి బయట ఇల్లు అద్దెకు తీసుకుని ఆటలు, వంటలు, తాగుడుతో గడిపే ఆనవాయితీని ఎంటీ అంటారు. వెళ్లకపోతే ఏడాదంతా పరాయివాళ్లమే. అది రంజాన్ నెల. పొద్దంతా రోజా ఉన్నానని తెలిసి పిల్లలు చుట్టూ మూగారు. "ముల్‌దో?" అని ఒకటే ఆశ్చర్యం. ముల్ అంటే నీళ్లు. దో అంటే కూడా. నీళ్లు కూడానా? అవును, నీళ్లు కూడా. ఆరున్నర దాటాక ఖజూర్‌తో ఇఫ్తార్ చేస్తుంటే ఇద్దరు ముగ్గురు నాతో పాటు గడియారం చూసి లెక్కపెట్టారు. ముద్దొచ్చింది.

తర్వాత పొయ్యి వెలిగింది. సామ్‌గ్యోప్సాల్, అంటే పంది పొట్టభాగం మాంసం, నిప్పుల మీద వేశారు. ఒక సొన్‌బే, అంటే సీనియర్, పట్టకారతో ముక్క నా ముందు పెట్టబోయాడు. "ఆన్ మొగొయో" అన్నాను. అతను ఊరుకోలేదు. "మోన్ కాదు, ఆన్ అన్నావు. అంటే నీ ఇష్టమే కదా? అయితే ఈ ఒక్క రాత్రికి ఇష్టం మార్చుకో" అన్నాడు. అందరూ నవ్వారు. దుర్మార్గమేం లేదు అందులో, కానీ చూపులన్నీ నా మీదే. "మోన్" అనే పిల్లతో ఎవరూ బేరం ఆడరు. "ఆన్" అంటే బేరానికి తలుపు తెరిచినట్టే.

ఇష్టమని చెప్పిందాన్ని ఎందుకు మార్చుకోనో ఎలా చెప్పాలి? అంత కొరియన్ నాకు రాదు. వచ్చిన మాటల్లోనే వెతికాను. ఒకటి దొరికింది. "యాక్సోక్." వాదా. మాట ఇవ్వడం. అక్కడ స్నేహితుల్ని కలుస్తానని చెప్పడం కూడా యాక్సోకే. తప్పితే చిన్నతనం. "యాక్సోగియేయో" అన్నాను. ఇది మాట.

"ఎవరితో?"

నేను వేలు పైకి చూపించాను. మేడ మీద గదిలో మా ప్రొఫెసర్ నిద్రపోతున్నారు. "ప్రొఫెసర్‌తోనా!" అన్నాడు సొన్‌బే కంగారుగా. కాదు, ఇంకా పైన అన్నాను. అతను పైకప్పు కేసి, నా కేసి చూసి, "ఆ" అని ముక్క వెనక్కి తీసుకున్నాడు. పట్టకార పక్కన పెట్టి చేతులు కడుక్కుని వచ్చాడు. నాలుగు గెణుసుగడ్డలు కొత్త ఫాయిల్‌లో చుట్టి నిప్పుల్లో ఒక మూలకి తోశాడు. ఆ రాత్రి అందరికంటే ఎక్కువ గెణుసుగడ్డలు తిన్నది అతనే.

ఆ ఏడాది ఈద్ బూసాన్‌లో ఏప్రిల్ 10న వచ్చింది. అదే రోజు కొరియాలో పార్లమెంటు ఎన్నికలు. దేశమంతా సెలవు. ఫ్యాక్టరీల నుంచి సెలవు దొరకని మన వాళ్లెందరికో ఓట్ల పుణ్యమా అని ఈద్ నమాజ్ దక్కింది. నంసాన్‌దోంగ్‌లో అల్ ఫతహ్ మస్జిద్ ఉంది, మెట్రో ఒకటో లైన్‌లో తూసిల్ స్టేషన్ దగ్గర. 1980లో కట్టారు. ఆ రోజు మెట్ల దాకా జనమే. ఇండోనేషియా బటిక్‌లు, ఉజ్బెక్ టోపీలు, బంగ్లాదేశీ పంజాబీలు. నమాజ్ అయ్యాక ఇంటికి వీడియో కాల్ చేస్తే అమ్మీ పెనుకొండలో ఇంకా రోజాలోనే ఉంది. వాళ్లకు ఈద్ మరుసటి రోజు. నేను షీర్ ఖుర్మా లేని ఈద్‌లో, అమ్మీ ఈద్ లేని వంటింట్లో. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఇక ఇమో గురించి చెప్పాలి. కొరియన్‌లో ఇమో అంటే అమ్మ అక్కచెల్లెలు. అచ్చంగా మన ఖాలా. చిన్న హోటళ్లు నడిపే పెద్దావిడల్ని అక్కడ అందరూ ఇమో అనే పిలుస్తారు. మా హాస్టల్ కింద కింబాప్ కొట్టు ఇమోకి డెబ్బై దాటి ఉంటాయి. మొదటి రోజు నుంచీ "హెమ్ పేగో జుసెయో" అనేదాన్ని. హామ్ తీసేసి ఇవ్వండి అని. ఎందుకని ఆమె అడగలేదు. గుడ్డు, పాలకూర, క్యారెట్, ముల్లంగి పెట్టి చుట్టి ఇచ్చేది.

ఈద్ తర్వాత ఒక వానరోజు కొట్టులో ఎవరూ లేరు. ఆమె తన కోసం వండుకున్న గుక్‌పాప్ గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, రెండో చెంచా నా వైపు జరిపింది. అమ్మకానికి కాదు, తన అన్నంలో సగం. ఆమె చెప్పినదాంట్లో కొంత నాకు అర్థమైంది, కొంత ఫోన్ తర్జుమా చేసింది. వాళ్లమ్మ ఉత్తరాన హంగ్‌నమ్ నుంచి 1950 డిసెంబర్‌లో ఓడ మీద పారిపోయి వచ్చింది. ఆ రేవు నుంచి ఒక్క సరుకుల ఓడలోనే దాదాపు 14,000 మందిని ఎక్కించారని నేను తర్వాత చదివాను. ఆ జంగ్ రోజుల్లో బూసానే దేశానికి తాత్కాలిక రాజధాని. కొండల మీద కనబడే ఆ ఇళ్లు చాలావరకు అప్పటి శరణార్థుల గుడిసెల మీద లేచినవే. ఎవరికీ అక్కర్లేని పంది ఎముకలు మరిగించుకుని బతికారని, ఈ గుక్‌పాప్ అలా పుట్టిందని అక్కడ చెప్పుకుంటారు. ఇమోకి అది వాళ్లమ్మ చేతి వంట. ఆకలి నుంచి బయటపడిన యాద్.

సొన్‌బేకి చెప్పడం తేలిక. ఈ గిన్నె ముందు కాదు. హరామ్ అన్న మాట ఆమె అమ్మ జ్ఞాపకం మీద పడకూడదు. "మోన్" అని కడుపు మీద చెయ్యి వేసుకుంటే సరిపోయేది. కానీ తన అమ్మ కథంతా నా ముందు పెట్టిన మనిషికి బదులుగా ఒక బహానా ఎలా ఇస్తాను? "ఇమో, ఆన్ మొగొయో. ముసల్మాన్‌ని. దేవుడితో యాక్సోక్" అన్నాను. చెంచా మాత్రం వెనక్కి నెట్టలేదు. రెండు చేతులతో పట్టుకుని ఆమె తినేదాకా ఎదురుగా కూర్చున్నాను. ఆమె ఏమీ అనలేదు. వాన వెలిసింది. వెళ్లొస్తానని లేచాను.

మర్నాడు వెళితే ఇమో చేతికి తొడుగులు వేసుకుని, కింబాప్ చుట్టి, కోయబోతూ ఆగింది. కత్తి ఎత్తి చూపించి "ఖాల్‌దో?" అంది.

ఖాల్ అంటే కత్తి. కత్తి కూడానా?

నేను ఏ రోజూ కత్తి మాట ఎత్తలేదు. హామ్ కోసిన కత్తితోనే నాది కోస్తుందని తెలిసి, ఊరికే బిస్మిల్లా అనుకుని, కోయకుండా ఇమ్మనేదాన్ని. ఆమెకు రాత్రంతా ఆలోచిస్తే అది తట్టిందట. నేను తల ఊపాను. ఆమె కత్తి, పీట సబ్బుతో తోమింది. కడిగి తుడిచింది. అప్పుడు కోసింది. ఆ రోజు నుంచి నాకు కింబాప్ ముక్కలుగా దొరికింది. "మోన్" అని ఉంటే ఇమో నన్ను చూసి జాలిపడేది. ఆ కత్తిని మాత్రం చూసేది కాదు.

మే నెలలో ఒక ఆదివారం ఐక్యరాజ్యసమితి సైనికుల శ్మశానానికి వెళ్లాను. అది కూడా బూసాన్‌లోనే ఉంది, 1951 నుంచి. ఆ జంగ్‌లో చనిపోయిన తుర్కీ సైనికుల ఖబర్లు అక్కడ 460కి పైగా ఉన్నాయి. చుట్టూ గులాబీలు, కత్తిరించిన పచ్చిక. ఆ తుర్కీ ఫౌజ్‌తో వచ్చిన ఇమామ్‌ల దగ్గరే కొరియాలో తొలి ముసల్మాన్‌లు కలిమా చదివారు. తర్వాత 1976లో సియోల్‌లో, 1980లో బూసాన్‌లో మస్జిద్‌లు లేచాయి. ఫాతిహా చదివి బెంచీ మీద కూర్చుంటే ఒక సంగతి తట్టింది. ఇమో గుక్‌పాపూ, నేను ఈద్ చదివిన మస్జిదూ ఒకే జంగ్ తెచ్చినవి. ఈ ఊరికి ఒకే దర్వాజాలోంచి వచ్చాయి. ఏళ్ల తరబడి పక్కపక్కనే ఉన్నాయి. వాటికి లేని గొడవ నా నోటికెందుకు?

జూన్‌లో బయల్దేరే ముందు ఇమో దగ్గరకెళ్లాను. రెండు కింబాప్‌లు కట్టి చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు. "బాప్ చల్ చెంగ్యో మొగొ" అంది. అన్నం మాత్రం మానకు, వేళకి చూసుకుని తిను అని. అమ్మీ ఎయిర్‌పోర్టులో చెప్పిన మాటే.

ఇప్పుడు మన వైపు నుంచి కొరియాకు చదువుకోవడానికి వెళ్లే పిల్లలు నాకు మెసేజ్‌లు పెడుతున్నారు. హలాల్ దుకాణాల లిస్టు అడుగుతారు. పంపిస్తాను. దాంతో పాటు అలర్జీ డబ్బా ఎక్కడ వెతకాలో, ద్వేజిగోగి ఎలా రాస్తారో ఫొటో తీసి పెడతాను. చివర్లో ఒక్క మాట రాస్తాను: ఆన్, మోన్ రెండూ నేర్చుకోండి. అలసిపోయిన రోజున, తెలియనివాళ్ల మధ్య, మోన్ చాలు. అందులో గునాహ్ ఏం లేదు. కానీ ఎవరైనా తమ గిన్నెలో సగం మీ ముందు పెడితే మాత్రం ఆన్ అనండి. ఆ తర్వాత వాళ్లు అడిగే సవాళ్లకు కూర్చుని జవాబివ్వండి. లేవడానికి తొందరపడకండి.